మూడో తొట్టి

వఫ్రాలో మే నెల నీళ్ళు
తాగడం మరిచిపోయిన టీ లాగుంటాయి.
చింతగింజంత తిలాపియా పిల్ల
మూడు జీతాలు తిరిగేసరికి అరచెయ్యి దాటేసింది.

"ఎండే పెంచుతాది వీటిని, మేత ఉత్త సాకు"
త్రాసు ముల్లు మీంచి చూపు తిప్పకుండా అంటాడు
రాయచోటి ఖాదర్‌వలి.

నేను రాస్తాను:
ఏప్రిల్ పది, ఇరవై గ్రాములు.
జులై పది, రెండొందల ఎనభై.
జీతాల పుస్తకంలో నా పేరు పక్కన
తొమ్మిదేళ్ళుగా ఒకటే అంకె.

మూడో తొట్టిలో మాత్రం లెక్క తప్పి
రెండింతలు వదిలేశాం.
అదే నీరు. అదే ఎండ.
వేలెడైనా ఎదగకముందే ఆడవి
నోటినిండా గుడ్లు దాచుకుని
మేత ముట్టకుండా మూలకి నిలబడ్డాయి.

"ఇంక ఇంతే ఇవి" అన్నాడు వలి,
కాగితం మీద గీత కొట్టమని.

కొట్టలేదు.
రాత్రి గదికొచ్చి
పదకొండో మంచమెక్కి
కాళ్ళు ముడుచుకున్నాను.