పంటిగాట్లు

గుర్రం పోయాక ట్రెయిలర్‌కి బేరం కుదర్లేదు.
వేల్స్ వాన దాని కప్పుని
నాలుగేళ్లు తీరుబడిగా తింది.

నెరిస్ గ్రైండర్ పట్టుకుంది.
తుప్పు రాలింది, ఎండుగడ్డి రాలింది,
ఒక నాడా దొరికింది, మేకుతో సహా.
పక్కగోడ కోసి కిటికీ పెట్టింది.
దాణా తొట్టిలో ఐసు.
అంతా గీకింది గానీ
తలుపు అంచున పంటిగాట్లని మాత్రం
వార్నిష్ కింద అలాగే ఉంచేసింది.

లైసెన్సు గుమాస్తా అడిగాడు: 'వాహనమా, దుకాణమా?'
'లాయం' అంది, నోరుజారి.

మొదటి పెళ్లి. పొలంలో, బురదలో.
జిన్ను, నిమ్మచెక్క, నలిపిన పుదీనా.
పెళ్లికొడుకు తాత ఇడ్వాల్ గ్లాసు ముట్టలేదు.
ఆ గాట్ల మీద బొటనవేలు ఆనించి
'ఎన్నేళ్లు బతికింది?' అన్నాడు.

షేకర్ ఊపడం ఆగింది.
'ఇరవై రెండు.'

వెనక క్యూ గోలపెడుతోంది.