వంగపువ్వు రంగు

నీలం, అని రాసుకుంది డాక్టరమ్మ.
నీలం కాదు మేడం.
మోకాలి వెనక మొదలైనప్పుడు వంగపువ్వు రంగు,
పిక్క మీదికొచ్చేసరికి నెమలికంఠం,
చీలమండ దగ్గర, అదిగో, అక్కడ
ఎన్ని ఉతుకులుతికినా పోని నేరేడు.
విజయనగరం గంటస్తంభం దగ్గర చీరల కొట్టులో
పదకొండేళ్లుగా రంగులకి పేర్లు చెప్పడమే నా పని.

పొద్దున్న తొమ్మిదిన్నరకి నిలబడతాను.
రాత్రి షట్టరు దించాక గాని
నా కాళ్లు నాకు గుర్తురావు.
మధ్యలో, కొత్త చీర భుజాన వేసుకుని
కుచ్చిళ్లు పట్టి చూపిస్తుంటే
అంచు ఎంత బాగుందో అంటారు.
అంచు కింద ఏముందో
అంచుకి తెలుసు.

జెల్లు రాసి, పిక్క మీద యంత్రం ఆనించింది.
లోపల్నించి చప్పుడు,
ఎక్కడో దూరంగా బొబ్బిలి పాసింజరు పోతున్నట్టు.
"నరాల్లో చిన్న చిన్న తలుపులుంటాయమ్మా.
రక్తం పైకెక్కాక మూసుకోవాలి.
నీవి మూసుకోవట్లేదు, ఎక్కినది ఎక్కినట్టే జారిపోతోంది."
ఇంకేం చెప్పక్కర్లేదు, అర్థమైపోయింది.
మా కొట్టు షట్టరూ అంతే,
జానెడు ఎత్తున ఆగిపోతుంది,
ఇద్దరం ఎక్కి తొక్కితే గాని దిగదు.

లేజరు పెట్టి లోపల్నుంచే కాల్చి మూసేయొచ్చంది.
ఖరీదు చెప్తే మనసులో మడతలు విప్పాను:
పెళ్లికూతురి పట్టుచీరలు రెండు,
పైన ఆడపడుచు చీర ఒకటి.
లేదంటే బిగుతు మేజోళ్లు వేసుకుని చూద్దామంది.
ఉన్నట్టుండి కళ్లజోడు తీసి అడిగింది,
"నొప్పి కోసం వచ్చావా, అందం కోసమా?"
నొప్పి అందామనే నోరు తెరిచాను.
రెండూ, అని వచ్చింది.
ఎంత సిగ్గేసిందో.

"సీర కింద ఎవుడు సూసొచ్చాడే, ఒగ్గీ" అంది అత్త.
గౌరీశ్వరి జలగలు పట్టించే ఆయన నంబరిచ్చింది.
మా సింహాచలం ఏమీ అన్లేదు,
ఆటోలో ఇటుకలు తెచ్చి
మంచానికి కాళ్లవైపు రెండేసి పెట్టాడు.
తెల్లారేసరికి ఇద్దరం జారి
తలలు గోడకి కొట్టుకుని లేచాం.

మా అమ్మది ఏ రంగో నాకు తెలీదు.
నెల్లిమర్ల జూట్ మిల్లునించి వచ్చి
దీపం ఆర్పాకే కట్టు విప్పేది.
వాసన తెలుసు,
పసుపూ గోనెపీచూ కలిసిన వాసన,
పుండు మానిందన్న మాట మాత్రం
ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు అడిగాను.
మేడం, చీటీలో ఇంకోటి రాస్తారా?
ఏంటమ్మా?
స్టూలు.
నవ్వింది. నేను నవ్వకపోయేసరికి మానేసింది.
మేజోళ్ల కింద గీత గీసి
గంటకోసారి కూర్చోవాలి అని రాసి
సంతకం పెట్టి, ముద్ర కూడా గుద్దింది.

షావుకారు చిరిగిన నోటు చూసినట్టు
చీటీని వెలుతురుకి పట్టి చూశాడు.
బేరం నడుస్తుండగా కూర్చుంటే ఏం బావుంటుందన్నాడు.
మూడు రోజులాగి
లంగాల అర వెనక, ఎవరికీ కనపడకుండా
ఒక ప్లాస్టిక్ స్టూలు వేయించాడు.

లేజరు మాట సిరిమాను పండగ గిరాకీ దాటాక.
ఈలోగా తెల్లారగట్ల, పాదం నేలకి ఆనకముందే
మేజోడు ఎక్కించుకుంటున్నాను, ఆయాసమొచ్చేదాకా లాగి.
చర్మం రంగు, అని ఉంది డబ్బా మీద.
ఎవరి చర్మమో.
మా కొట్టులో అయితే దాన్ని పాలకోవా అంటాం,
ఆషాఢం తగ్గింపులో పెట్టినా కదలదు.

స్టూలు మీద ముందు కూర్చున్నది నేను కాదు.
మధ్యాన్నం కస్టమర్లు పల్చబడ్డాక
గౌరీశ్వరి చతికిలబడింది,
అటూ ఇటూ చూసి
చీర మోకాలి దాకా లాగింది.
"సూసి సెప్పే," అంది మెల్లిగా,
"ఇదే రంగంతావు?"