ఏమీ జరగని రాత్రి

ఆవైరు ఊళ్ళో కాలవ ఒడ్డున
నీలి పలకలు అతికించిన పాత మేడ, రెండో అంతస్తు.
రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఏడు దాకా
దెయొలిందా ఒక్కతే.
సగం ఒలిచిన నారింజ, చల్లారిపోయిన కాఫీ,
మూడు తెరలు,
తెరల నిండా నాలుగువందల పన్నెండు పచ్చచుక్కలు.

ఇది పళ్ళ డాక్టరుగారి గదిలోది.
అది ఈల్యవులో ఎండుచేపల గిడ్డంగి చలిని లెక్కపెట్టేది.
ఆ మూలది శవపేటికలమ్మే ఫిర్మీనుది,
అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉంటుంది ఎందుకో.

యంత్రం ఉన్నపళంగా చావదు.
ముందే చెబుతుంది, చెవిన వేసుకునేవాళ్ళుంటే.
డిస్కులో ఒక గడి చదవరాకుండా పోతుంది:
మొన్న మూడు, నిన్న మూడు, ఇవాళ పదకొండు.
ఏదో ప్రోగ్రాం మెమరీ అడిగి పుచ్చుకుంటుంది,
తిరిగివ్వదు,
చేబదులు తీసుకుని మొహం చాటేసినవాడిలా.

రెండూ నలభైకి
ఒక పచ్చచుక్క పసుపైంది.
పసుపు మనకి శుభం.
ఆ తెరమీద కాదు.

అబీలియు రొట్టెల బట్టీ.
ఈ వేళప్పుడు మొదటి రింగుకే ఫోనెత్తేది
కాన్పుల వార్డూ, రొట్టెలవాడూ.
"ఏమైంది?"
"ఏమీ కాలేదు. అందుకే చేశాను."
"బాగానే ఉందమ్మా! ఇప్పుడే ముప్పై బడుల ఆర్డర్లు అచ్చయ్యాయి."
"నకలు తీస్తున్నా. అయ్యేదాకా ముట్టుకోకండి."
అవతల పిండి చరిచిన చప్పుడు.
అది సరే అనడమో, విసుక్కోవడమో.

నలభై శాతం. యాభై. అరవై ఒకటి.
అరవై ఒకటి.
అరవై ఒకటి.

రెండేళ్ళ కిందట చలికాలంలో
ఇలాంటి పసుపునే చూసి
పొద్దున చూద్దాంలే అనుకుంది.
ఒవార్‌లో పశువుల ఆసుపత్రి, పదకొండేళ్ళ రికార్డులు.
డాక్టరు జుల్మీరా తిట్టలేదు, అరవలేదు.
"కుక్కల పేర్లైనా మిగిలాయా?" అంది.
ఒక్క పేరూ మిగల్లేదు.

ఆ తర్వాత దెయొలిందా
'పొద్దున' అనే మాట ఈ గదిలో వాడదు.

అరవై రెండు.
నారింజ తొన ఒకటి నోట్లో వేసుకుంది.
పులుపు ఇప్పుడు తెలిసింది.

అయిదింటికి నేలియు
రెయిన్‌కోటు లోపల కొత్త డిస్కు దాచుకుని
స్కూటరు మీద వెళ్ళాడు.
పాతది విప్పి, తెచ్చి, బల్లమీద తగిలిస్తే
టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది.
ఇంక పలకలేదు.
దాని అంచుల్లో గట్టిపడిన పిండి.
నేలియు దాన్ని గోటితో గీకి
"దోసెడు రొట్టెకి సరిపోను" అని నవ్వాడు.
ఆమె నివేదిక రాస్తోంది:
రాత్రి జరిగిన ఘటనలు, సున్నా.

ఏడుంబావుకి ఇంటికెళ్తూ
ఆ కొట్టు ముందు వరసలో నిలబడింది.
గాజు తలుపు తెరిచినప్పుడల్లా ఆవిరి వాసన.
అబీలియుని చూడడం అదే మొదలు.
ఫోన్లో విన్న గొంతుకి
ఇంత సన్నటి మనిషిని అనుకోలేదు.
గల్లాపెట్టె దగ్గర ఆయన భార్య
ముందున్న ముసలావిడతో అంటోంది:
"ఆ కంప్యూటరు వాళ్ళకి నెలనెలా ఊరికే పోస్తున్నాం.
ఏనాడైనా ఏమైనా పాడైందా, చెప్పండి!"

"రెండు," అంది దెయొలిందా.
ఆ గొంతు ఎక్కడో విన్నట్టు
అబీలియు తలెత్తాడు.
వెనక ఎవరో దగ్గారు, వరస కదిలింది.

చిల్లర తీసుకుంటూ
ఆమె కొంచెం ముందుకి వంగింది,
రొట్టెల మీదికి కాదు,
బల్లకింద కంప్యూటరు వైపు.

ఫ్యాను గొంతులో పిండి పడింది.
ఇంకో నెల ఆగుతుందేమో.
ఆగదేమో.

వేడి పొట్లం చంకన పెట్టుకుని
వంతెన ఎక్కకముందే
నేలియుకి ఫోను కలిపింది.