మడిమె

ఆత్మకూరు బస్టాండుల
పదిహేడేండ్ల సంది కూసుంటున్న.
మొకం చూసి మనిషిని గుర్తువట్టుడు నాకు రాదు,
కాలు చూస్తే చెప్త.

ఆ దినం మిలిటరీ బూట్ల జత ఒకటి నా ముందర ఆగింది.
బూట్లకు పాలిష్ ఉంది. లోపలి కాళ్లకు వేళ్లు లేవు.
ఎడమకు ఐదూ పోయినయి,
కుడికి బొటనవేలు ఒక్కటి మిగిలింది,
కోత అయినంక చేన్ల మరిచిపోయిన జొన్నకర్ర లెక్క.

"పేరు?" అన్న.
"కురుమూర్తి" అన్నడు.
నవ్వొచ్చింది, ఆపుకున్న.
దేవునికి ఏటా ఉద్దాలు కుట్టేటోళ్లు వడ్డెమాన్ల ఉన్నరు,
ఒక్కపొద్దులుండి కుడ్తరు.
నేను ఆ ఇంటోన్ని కాదు.
నాకు ఈ కురుమూర్తి దొరికిండు.

కాగితం పరిచి కాలు సుట్టు పెన్సిలు తిప్పిన.
వొంపు తిరగాల్సిన కాడ గీత తిరగలే,
అడ్డగోడ లెక్క తిన్నగ పోయింది.
నేను అడగలే. ఆయనే చెప్పిండు.
దారానికి మైనం రాసుకుంట విన్న.

నడిరాత్రి మంచుకొండ జారిందట.
డేరాను, స్టవ్వును, ముగ్గురు మనుషులను
మింగి, మళ్ల సప్పుడు లేదు.
కండ్లు తెరిచినా మూసినా ఒక్కటే చీకటి.
మీదేదో కిందేదో ఎర్క లేదు.

అప్పుడు నాయిన యాదికొచ్చిండట. మన్నెం.
గుంపు మేస్త్రీ ఎంబడి
ఏ రాజ్యంల డ్యాం కడితే ఆ రాజ్యంల మన్ను తవ్వినోడు,
బాయి ఒడ్డు కూలి, పొద్దంత మన్ను కింద ఉండి
బతికొచ్చినోడు.
తాగినప్పుడల్లా కొడుకును ముందర కూసోవెట్టుకొని అనేటోడట:
"మన్ను మీద పడితే ఒర్రకు బిడ్డా.
ఒర్రితే ఊపిరి ఒడుస్తది.
ఉమ్ము ఎటు జారితే అది కింద.
దానికి ఎదురు తవ్వు.
మీద అడుగుల సప్పుడైతేనే పిలువు."

ఉమ్మిండు.
ఉమ్ము కుడి చెవి దిక్కు పారింది.
బెల్టు బిళ్లతోని ఎడమ దిక్కు గీకిండు.
బెత్తెడు తవ్వుడు, నూరు లెక్కవెట్టుడు,
మళ్ల బెత్తెడు.
రెండో చేతికి మంచుల ఇంకో చెయ్యి తగిలింది,
నాగాలాండు పిలగానిది. పట్టుకుంటే పట్టుకుండు.
"ఆనికి తెలుగు రాదు. తెలుగుల్నే మాట్లాడిన," అన్నడు.
"మా మేకల ముచ్చట, సద్దరొట్టె ముచ్చట,
మా అవ్వ తిట్లు."
ఎప్పుడో ఆ చెయ్యి పట్టు వదిలింది.
ఈయన మాట వదల్లే,
మర్నాడు మాపటికి ఒక కుక్క మీద గోకే దాంక.

మొదటి జత కరిచింది.
రెండో జతకు ముందర దూది కుక్కిన.
సోడాబండి దాంక పోయి బోర్ల వడ్డడు.
నలుగురు ఉరికొస్తే చెయ్యి అడ్డం వెట్టి
తనే లేచిండు, ఎనుకకు వచ్చిండు.
మోచేతి నెత్తురు తుడుసుకుంట
"దూది తియ్యి," అన్నడు.
"లేనికాడ లేనట్టే కుట్టు."

మూడో జత కురచగ కుట్టిన.
ఆ పాత బూటు విప్పితే
లోపలి అట్ట మీద ఐదు వేళ్ల గుంటలు ఇంకా ఉన్నయి,
ఇప్పుడే లేచిపోయిన మనుషుల నులకమంచాల లెక్క.
పారేద్దామని ఎత్తిన చెయ్యి పారెయ్యలే.
నా పెట్టె అడుగున ఉంది.

ఇప్పుడు నెలకోపాలి వస్తడు.
చెప్పుల ముందటి అంచు కొత్తగనే ఉంటది,
మడిమెనే సగానికి అరుగుతది.
ఒక్కోసారి జూరాల కాల్వకట్ట బురద,
ఒక్కోసారి గుట్ట మెట్ల సున్నం.
యాడికి పోతుండో అడగ,
పాత టైరు కోసి మడిమె వేస్త.

పైసలొద్దంటే వినడు.
ఇరవై రూపాల నోటు నా ఆరె కిందికి దోపి
"ఇది ఎన్ని దినాలు ఆగుతది?" అంటడు.
"నువ్వు కూసుంటే ఏడాది ఆగుతది," అంట.
అప్పటికే లేచి ఉంటడు.