బెత్తెడు వంపు

గాజువాక ఆటోనగర్లో జీపు
నాలుగంగుళాలు పొడుగైంది.
పాత బ్రేకు గొట్టానికి
ఇంకా ఆ సంగతి తెలీదు.

"స్టీరింగు ఎడం కొసకి తిప్పు.
ఇప్పుడు కుడికి.
జాకీ లేపి చక్రాన్ని వేలాడనియ్యి."
బండి కింద పోలారావు
గొట్టాన్ని వేలితో మీటి వింటాడు.
బిగువైతే ఘాట్లో తెగిపోద్ది,
వదులైతే టైరు తినేస్తాది.

ఉప్పుగాలి తిన్న బ్రాకెట్టు కోసేసి
కొత్తది కిందికి దించి
స్ప్రింగుకి బెత్తెడు దూరంలో
ఒక వంపు వదిలాడు,
కూతురికి జడ అల్లేటప్పుడు
తల తిప్పుకోడానికి వదిలేంత.

"తొక్కు. పట్టు. వదలకు."
సీసాలో ఆఖరి బుడగ
పైకొచ్చి పగిలింది.

పైన పెట్టించబోయే లైట్ల గురించి
ఓనరు ఇంకా చెబుతూనే ఉన్నాడు.
"మిగతా డబ్బులు?"
కిరసనాయిల్లో చేతులు కడుక్కుంటూ
పోలారావన్నాడు:
"అనంతగిరి దిగొచ్చి ఇయ్యి, బావూ."