నల్లకాగితం కింద

కొరుక్కుపేట బడిలో తెలుగు సెక్షన్‌కి
మిగిలింది పదకొండు మంది పిల్లలు,
ఒక స్పిరిట్ దీపం,
మూత బిగుసుకుపోయిన అయోడిన్ సీసా.

కిరణజన్య సంయోగక్రియ.
ఆ మాట బోర్డు మీద రాసేసరికి
సుద్దముక్క సగమైంది.
"ఆకు అన్నం వండుకుంటుందంటే చాలదా టీచర్?"
అన్నాడు వెనక బెంచీ చెంగల్రాయుడు.
చాలదు నాయనా, పరీక్షలో చాలదు.

శనివారం మందారం కుండీని
బీరువాలో పెట్టి తాళం వేశాం.
ఆకుల్లో దాచుకున్నదంతా ముందు తినేయాలి,
పిసరంత పిండి కూడా మిగలకూడదు,
అప్పుడే లెక్క తేలుతుంది అన్నాను.
"అంటే పస్తా టీచర్?"
పెంచలమ్మ అడిగింది.
ప్రయోగం, అన్నాను.

సోమవారం తలుపు తీస్తే
కాస్త పాలిపోయి,
అయినా ఎవరి మీదా కోపం లేనట్టు
నిలబడి ఉంది మొక్క.
ఒక ఆకు నడుముకి నల్లకాగితం చుట్టి
రెండు క్లిప్పులు బిగించి
వరండా గోడ మీద పెట్టాం.
మద్రాసు ఎండ, దాని సంగతి వేరే చెప్పాలా.
గూడ్సు బండి పోయినప్పుడల్లా
కుండీ సన్నగా వణికేది.

ఆకు అడుగున
కంటికి ఆనని నోళ్లుంటాయి పిల్లలూ,
మనం వదిలేసిన గాలి వాటికి కావాలి.
వేళ్లు నీళ్లు పంపిస్తాయి, లారీ నీళ్లయినా సరే.
పచ్చదనం ఎండని పట్టుకుంటుంది.
ఈ మూడూ కలిసిన చోట చక్కెర.
అప్పటికి అక్కర్లేనిది పిండిగా మార్చి
దాచుకుంటుంది,
రాత్రికి, చిగుళ్లకి, వేళ్లకి.

"వేళ్లు వండుకోలేవా?"
వాటికి ఎండ తెలీదు కదమ్మా.
"మరి ఎవరు పెడతారు?"
ఆకులే.
పెంచలమ్మ ఆ ఒక్క ముక్కే నోట్సులో రాసుకుంది.

వాళ్లమ్మ దేశమ్మ
రాత్రి పదింటికి మౌంట్‌రోడ్డు ఊడవడానికి పోతుంది.
తెల్లారి వచ్చి తలుపేసుకుని పడుకుంటుంది.
మూడేళ్లలో ఒక్కసారైనా
ఆవిడని నేను ఎండలో చూడలేదు.

మంగళవారం, మధ్యాహ్న భోజనం అయ్యాక,
ఆకుని నీళ్లలో ముంచి తీసి
స్పిరిట్‌లో ఉడికించాం.
పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగిపోయి
ఉతికి ఉతికి వెలిసిన గుడ్డపేలికలా
తేలింది ఆకు.
పింగాణీ పళ్లెంలో పరిచి
అయోడిన్ చుక్కలు వేశాను.

అటూ ఇటూ నల్లబడాలి,
నడుమ పట్టీ మాత్రం అలాగే వెలవెలబోతూ మిగలాలి.
ముప్పై ఒక్క ఏళ్లుగా మిగులుతూనే ఉంది.

ఈసారి నీలం
ఒక అంచున మొదలై ఆగకుండా నడుం దాటేసింది.
నేరేడుపళ్లు తిన్న నాలుకలా
ఆకంతా ఒకటే రంగు.

"ఫెయిలయింది టీచర్!"
అందరూ ఒక్కసారే, కాస్త సంబరంగానే.
సీసా మీద తేదీ చూశాను.
కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూశాను, చిల్లు లేదు.
ఆకు అంచున చూశాను.
రెండు క్లిప్పులకి
ఏడు నొక్కుళ్లు.

పెంచలమ్మ కాలి బొటనవేలితో
నేల మీద ఏదో రాస్తోంది.

"పొద్దున్నే వచ్చి తీసేదాన్ని టీచర్.
అన్నం గంటకి కూడా.
పక్క ఆకులన్నీ వండుకుంటా ఉంటే
ఇది ఊరికే చూస్తా ఉండాలా?
మీరు వచ్చేలోపు మళ్లీ పెట్టేశా."

తిట్టాలనే నోరు తెరిచాను.
అయోడిన్ అంటిన వేళ్లు
కొంగుకి తుడుచుకున్నాను.

రికార్డులో పదిమందీ
పుస్తకంలో ఉన్న బొమ్మే గీశారు,
నడుమ తెల్లటి పట్టీతో, చూడని దాన్ని
చక్కగా, స్కేలు పెట్టి.
పదింటికీ టిక్కు పెట్టాను.

పెంచలమ్మ ఆకుని నీలం పెన్నుతో
కాగితం చిరిగేదాకా నింపింది.
ఫలితం అన్న చోట ఒకటే వాక్యం:
"వెలుగు తగిలిన చోటల్లా పిండి ఉంది."

తప్పు పట్టడానికి అందులో ఏముంది?
ఎన్ని మార్కులు వేశానో ఇక్కడ చెప్పను,
హెడ్‌మాస్టరుగారు చదువుతారు.

ఆ సాయంత్రం
ఒక ఆకు తగ్గిన మందారాన్ని
వరండాలోనే వదిలేశాను.
వెలుగు తగ్గిపోతోంది,
పగలు దాచుకున్నది
అదింక కొంచెం కొంచెంగా తీసుకుంటుంది.

లోపలికి వెళ్లి
ఖాళీ బీరువాకి
అలవాటు కొద్దీ తాళం వేశాను.