ఏడు కుర్చీల బస్సు

బుధవారం నాకు వీక్లాఫ్.
మౌలాలి కమాను దాటినంక, మందుల దుకాణం మీది గదిల
చెప్పులు బయట ఇడిసి కూసుంటం:
తల్లులం, ఒక తాత.

వానికి రెండు నిండి ఎనిమిది నెలలు.
నీళ్లు కావాలంటే నా చెయ్యి వట్టి
బిందె దాకా గుంజుకపోతడు.
"ఇంట్ల వానితోని మాట్లాడుతరా?" నుస్రత్ మేడం అడిగింది.
దినమంతా టికెట్ టికెట్ అని ఒర్లి వచ్చినంక
గొంతుల వానికోసం ఏం మిగులుతది,
చెప్పలే.

ఇయ్యాల ఏడు కుర్చీలు వరుసగ పెట్టిన్రు.
డ్రైవర్ జోహా.
మావోడు ఎప్పటిలెక్కనే కిటికీ కాడ
సీసా మూత తిప్పుకుంట.

బుర్ర్‌మని పెదాలన్నీ కదిలినయి.
బక్కపిల్ల శ్రీనిక ఇంకా ఎక్కనే లేదు,
ఒక కాలు నేల మీదనే.

"ఓల్డాన్!"

మేడం నా దిక్కు చూసింది.
నేను కాదు.
మూత కిందవడి ఇంకా తిరుగుతనే ఉంది.

జోహా బ్రేకు కొట్టింది.
శ్రీనిక ఎక్కింది.
జాగ ఉన్నా కూసోకుండ
వాడు ఎనక కుర్చీ వట్టుకొని నిలవడ్డడు.

కండక్టర్ రైట్ అనంది బస్సు కదలది.
పిల్లలు, తాత, మేడం, నేను
అందరం ఆగినం.